రాజు గోరీ లేని మందిరం

కర్నూలులో హంద్రీ నది ఒడ్డున ఒక పాత గోరీ ఉన్నది. ఊరివాళ్లు దానిని గోల్ గుమ్మజు అంటారు. బిజాపురు సుల్తానుల పక్షాన 17వ శతాబ్దిలో కర్నూలును ఏలిన హబ్షీ సర్దారు అబ్దుల్ వహాబ్ ఖాన్ అందులో పండుకొని ఉన్నాడు. రెండు గుమ్మటాలు, కమానుల వసారాలు, లోపల చల్లని చీకటి. ఏటా ఒకసారి మా కాలేజీ పిల్లలను అక్కడికి తీసుకొనిపోవడం నాకు అలవాటు. నేను చెప్పేది తెలుగు, చరిత్ర కాదు. అయినా ఒక ఊళ్లో చదువుకొన్నవాడు ఆ ఊరి రాళ్లను ఒక్కసారైనా పలకరించకుండా పట్టా పుచ్చుకొని పోవడం నాకు నచ్చదు.

ఆ యేడు డిసెంబరు మొదటివారంలో అలాగే పోయినాము. అబ్దుల్ వహాబు ఎవరో, ఎక్కడినుంచి వచ్చాడో నాకు తెలిసినంత చెప్పి, ఇక బయలుదేరుదామనుకొంటున్నాను. వెనక వరుసలోనుంచి కోసిగి తట్టు పిల్లవాడొకడు చేయెత్తాడు.

"సార్, లోపల పండుకున్నాయప్ప పేరు చెప్పినారు. దీన్ని కట్టినోళ్ల పేర్లు యాడన్నా రాసినారా?"

తక్కినవాళ్లు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పిల్లవాని సంగతి నాకు తెలుసు. కర్నూలు పడమటి తాలూకాలలో వాన ముఖం చాటేసిన యేడు ఊళ్లకు ఊళ్లే సుగ్గికి పోతాయి. ఇళ్లకు తాళాలు వేసి, ముసలివాళ్లను అరుగుల మీద వదలి, గుంటూరు సీమకు మిరపకాయల కోతకు పోయేవాళ్లు కొందరు. హైదరాబాదుకో, బెంగుళూరుకో మేడలు కట్టడానికి పోయేవాళ్లు కొందరు. వీని తల్లిదండ్రులు రెండు పనులకూ పోయినవాళ్లే.

"ఎందుకడిగినావు నాయనా?" అన్నాను.

"ఏం లేదు సార్. మా నాయన బెంగుళూరులో ఏడంతస్తుల మిద్దె కట్టినాడు. మరుసటేడు నన్ను పిల్చుకొని పోయి చూపిస్తామనుకున్నాడు. గేటుకాడ వాచ్‌మన్ లోపలికి రానీలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. తిరిగి వచ్చేటప్పుడు వాడు నా ప్రక్కన నడుస్తూ, సంక్రాంతి కాగానే తానుకూడా ఇంటివాళ్లతో గుంటూరు పోవలసి వస్తుందనీ, పరీక్షలకు వస్తాడో రాడో చెప్పలేననీ అన్నాడు. నేను హాజరు గురించి ఏదో అన్నాను. అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర లేదు.

దండం పెట్టిన చేతులు

ఆ జవాబు వెదుకుతూ నేను మెదకు పోయినానంటే అది అబద్ధమవుతుంది. క్రిస్మసు సెలవుల్లో మా అక్క కొడుకును చూడటానికి హైదరాబాదు పోయినాను. వాడు ఇళ్లు కట్టించే ఇంజనీరు. "మామా, ఇన్నేళ్లొచ్చినాయి, మెదకు చర్చి చూడలేదా?" అని వాడు నన్ను ఎగతాళి చేసి, మరునాడు పొద్దున్నే కారెక్కించాడు. హైదరాబాదునుంచి మెదకు దగ్గర దగ్గర నూరు కిలోమీటర్లు.

దారిలో నేను, "గోథిక్ అంటారు గదా, ఆ మాటకు అర్థమేమిట్రా?" అని అడిగాను.

"మాట సంగతి నీకే తెలియాలి. కట్టడం సంగతి నేను చెప్తా. ఏదీ, ఒకసారి దండం పెట్టు" అన్నాడు.

పెట్టాను.

"వేళ్లు కలిపే ఉంచి మణికట్లు దూరం చెయ్యి. అదే గోథిక్ కమాను!"

వాడు చెప్పింది నాకర్థమైనంతవరకు ఇదీ. గుండ్రని కమానుకు ఒక చిక్కు ఉన్నది. అర్ధచంద్రాకారంగా కట్టినప్పుడు దాని ఎత్తు వెడల్పులో సరిగా సగమే అవుతుంది. ఎత్తు పెంచుదామంటే వెడల్పూ పెంచక తప్పదు. పైగా పైబరువు గోడలను బయటికి నెడుతూ ఉంటుంది. ఆ తోపుడుకు ఆగాలంటే గోడలు కోటగోడల్లాగా మందంగా ఉండాలి, కిటికీలు గూళ్లంత చిన్నవిగా ఉండాలి. కమానును పైన కోసుగా కలిపినప్పుడు ఎత్తు మన చేతిలోకి వస్తుంది, బరువు ఎక్కువగా క్రిందికి దిగుతుంది, ప్రక్కల తోపుడు తగ్గుతుంది. తగ్గగా మిగిలిన తోపుడును బయట ఊతగోడలు పట్టుకొంటాయి. ఇక గోడకు మోసే పని తగ్గిపోతుంది. మోయనక్కరలేని గోడను తీసివేసి అక్కడ అద్దం పెట్టవచ్చు. గోథిక్ గుళ్లలో నిలువెత్తు రంగుటద్దాల కిటికీలు వచ్చిన రహస్యమిదే.

మాట సంగతి నేను చెప్పాను. గోతులంటే పూర్వం రోము మీద దండెత్తిన ఒక తెగ. ఈ కట్టడాలు పుట్టిన కొన్ని వందల సంవత్సరాల తరువాత, పాత రోమను పద్ధతే గొప్పదని నమ్మిన ఇటలీ పండితులు వీటిని ఈసడిస్తూ 'గోతుల మోటుపని' అన్నారు. ఆ తిట్టే చివరకు పేరై నిలిచిపోయింది.

ఇంకొకటి కూడా చెప్పాను. కోసుకమాను యూరపుకంటె ముందు పడమటి ఆసియాలోనూ ఈజిప్టులోనూ ఉన్నది. కైరోలో 879లో ముగిసిన ఇబ్న్ తులూన్ మసీదు నిండా కోసుకమానులే. గోథిక్ పద్ధతికి తొలి నమూనా అని చెప్పే పారిస్ దగ్గరి సెయింట్ డెనిస్ ఆలయపు గర్భగృహం 1144లో గాని కాలేదు. అంటే మా కర్నూలు గుమ్మజు కమానులకూ మెదకు చర్చి కమానులకూ దూరపు చుట్టరికం ఉన్నదన్నమాట. మా మేనల్లుడు స్టీరింగు మీద చేయి తీయకుండానే, "అయితే నువ్వు చుట్టాలింటికే వస్తున్నావు మామా" అన్నాడు.

లోపల

ఊరికి ఇంకా దూరంలో ఉండగానే గోపురం కనిపించింది. 175 అడుగుల ఎత్తు. పైకి పోనుపోను సన్నబడి, కొనలు తేలిన శిఖరాలతో ఆకాశంలోకి గుచ్చుకొన్నట్లుంటుంది. చుట్టూ విశాలమైన ఆవరణ, చెట్లు. పండుగ జనం వెళ్లిపోయినారు. తీర్థం మరునాడు గుడి దగ్గర ఉండే అలసట అక్కడా ఉన్నది. ఒక అమ్మాయి కాగితాలు ఊడుస్తున్నది.

గోపురం క్రిందనుంచే లోపలికి దారి. ఎండలోనుంచి అడుగుపెట్టగానే మొదట ఏమీ కనపడలేదు, చల్లదనం మాత్రం తగిలింది. తరువాత ఒక్కొక్కటే తేలింది. రెండు వరుసలుగా రాతి స్తంభాలు. వాటిమీదినుంచి లేచి పైన కలుసుకొనే కోసుకమానులు. ఎక్కడో ఎత్తున పైకప్పు. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. అయిదువేలమంది కూర్చోగలరంటారు. క్రింద నేలంతా రంగురంగుల పలకలతో ముగ్గు వేసినట్లున్నది. ఆ పలకలు ఇంగ్లండునుంచి తెప్పించారట, పరచింది ఇటలీ పనివాళ్లట. నేను పుట్టి పెరిగింది కడప బండలు పరచిన ఇంట్లో. నల్లని ఆ బండల చల్లదనానికి అలవాటుపడిన కాళ్లు ఈ నేలమీద నడవడానికి కొంచెం బిడియపడ్డాయి.

ఎదురుగా బలిపీఠం వెనుక పెద్ద కిటికీ. అందులో క్రీస్తు స్వర్గారోహణం. అడ్డంగా చాచిన రెండు రెక్కలలో ఒకవైపు ఆయన పుట్టుక, ఇంకొకవైపు సిలువ. బొమ్మలు కూర్చింది ఇంగ్లీషు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. మూడూ ఒకేసారి రాలేదు. స్వర్గారోహణం 1927లో, పుట్టుక 1947లో, సిలువ 1958లో అమరాయి. కథ వరుసలో పుట్టుక మొదటిది గదా. ఇక్కడ మాత్రం చివరి ఘట్టం ముందు వచ్చింది. రంగు గాజును ముక్కలుగా కోసి, ముఖాలూ మడతలూ చిత్రించి కాల్చి, సీసపు పట్టీలతో ఒకదానికొకటి అతికి ఈ బొమ్మలు చేస్తారు. వీటికి దీపం అక్కరలేదు. బయటి ఎండే దీపం. పొద్దుగూకిన తరువాత లోపల ఎన్ని దీపాలు పెట్టినా బొమ్మ కనిపించదు, నల్లని గాజు మాత్రమే మిగులుతుంది.

మేము పోయిన వేళకు ఎండ ఒక ప్రక్కనుంచి పడుతున్నది. ఒక స్తంభం మొదట్లో ఎరుపు, దాని ప్రక్క పలకమీద నీలం. ఒక పసివాడు ఆ నీలపు మచ్చలో చేయి పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూచుకొంటున్నాడు. వాని తల్లి బొట్టు పెట్టుకొని ఉన్నది. చూడవచ్చినవాళ్లలో సగంమంది అలాంటివాళ్లే.

నేను మాత్రం, ఎందుకో, నేలవంక చూస్తూ నడుస్తున్నాను. "ఏం పోగొట్టుకున్నావు మామా?" అన్నాడు మా మేనల్లుడు.

"గోరీల కోసం చూస్తున్నాను" అన్నాను.

రాళ్లమీద రాజులు

గోథిక్ గుడి అనగానే రాజుల గోరీలు జ్ఞాపకం రావడం నాకు పుస్తకాలవల్ల పట్టిన అలవాటు. నేను ఆ దేశాలు చూడలేదు. కాని సెయింట్ డెనిస్ బొమ్మలు చూచి చూచి ఆ గుడిలో ఎన్నోసార్లు తిరిగినట్లే ఉంటుంది. ఫ్రాన్సును ఏలిన రాజులలో నలభైమందికి పైగా అక్కడనే పాతిపెట్టారు. గోరీలమీద రాతిలో చెక్కిన రాజులూ రాణులూ వెల్లకిల పండుకొని చేతులు జోడించి ఉంటారు. అలాంటి విగ్రహాలు డెబ్భైకి పైగా ఉన్నాయి. పన్నెండవ లూయీ, అతని రాణి గోరీ అంతస్తులుగా ఉంటుంది. పైన ఇద్దరూ నిండుగా దుస్తులు ధరించి మోకరిల్లి ప్రార్థిస్తుంటారు. క్రింద అదే ఇద్దరు దిసమొలతో, చచ్చిన శరీరాలుగా, నోళ్లు తెరచుకొని పడి ఉంటారు. శిల్పి ఎవరినీ మెప్పించాలనుకోలేదు కాబోలు. కిరీటం ఎంత నిజమో శవమూ అంతే నిజమని చెక్కి పెట్టాడు.

ఎందుకు గుడిలో పాతిపెట్టించుకొన్నారు? సాధువు సమాధికి దగ్గరగా ఉంటే ఆత్మకు మేలని ఒక నమ్మకం. తమకోసం సన్యాసులు నిత్యం ప్రార్థిస్తారని ఒక ఆశ. మా వంశానిది దేవుడిచ్చిన గద్దె అని కొడుకులూ మనుమలూ చూపించుకోవడానికి ఒక ఆధారం. ఈ మూడవది గట్టిది. కాని అదే చేటు కూడా తెచ్చింది. ఫ్రెంచి విప్లవకాలంలో, 1793లో, జనం ఆ గోరీలను బద్దలుకొట్టి ఎముకలను గుంటలో పోసి సున్నం చల్లారు. మళ్లీ రాజరికం వచ్చిన తరువాత, 1817లో వాటిని ఏరి తెచ్చారు గాని, అప్పటికి ఏ ఎముక ఏ రాజుదో చెప్పేవాడు లేడు. అన్నింటినీ ఒకేచోట పెట్టి, పేర్లు మాత్రం పలకలమీద చెక్కారు. పేర్లున్నాయి, ఎవరి పేరు ఎవరిదో తెలియదు.

లండనులోని వెస్ట్‌మినిస్టరు ఆబీ కథ వేరు. అక్కడ ముప్ఫైమంది దాకా రాజులూ రాణులూ ఉన్నారు. బ్రతికినన్నాళ్లూ ఒకరినొకరు నమ్మని అక్కచెల్లెళ్లు మేరీ, ఎలిజబెత్ ఒకే గోరీలో ఉన్నారు. చాసరు మొదలు ఎందరో కవులకూ అక్కడ ఒక మూల దొరికింది. తెలుగు మేష్టరుకు ఆ మాట వింటే కొంచెం అసూయ పుడుతుంది. కాని ఆ నేలలో ఎవరూ కాలు మోపరాని గోరీ ఒక్కటే. అది ఏ రాజుదీ కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన, పేరు తెలియని ఒక సిపాయిది. 1920 నవంబరు 11న ఫ్రాన్సునుంచి అతని శరీరాన్నీ, దానితోపాటు అక్కడి మట్టినీ తెచ్చి, పడమటి వాకిలి దగ్గర పాతిపెట్టారు. పెళ్లిళ్లకూ పట్టాభిషేకాలకూ వచ్చే రాజులు సైతం దాని చుట్టూ తిరిగి పోవలసిందే.

ఇవన్నీ తలలో పెట్టుకొని నేను మెదకు చర్చి నేల వెదుకుతున్నాను.

గింజలు కొలిచిన పని

స్తంభం ప్రక్కన బెంచీమీద కూర్చున్న ఒక ముసలాయన నన్ను చాలాసేపటినుంచి గమనిస్తున్నాడు. తెల్లని ధోవతి, భుజాన కండువా. దగ్గరికి పోయి, "ఇక్కడ లోపల ఎవరి సమాధులైనా ఉన్నాయా పెద్దాయనా?" అని అడిగాను.

"రాజులయా? లేవు సారు. ఇది రాజులు కట్టిన గుడి కాదు" అన్నాడు. కొంచెం ఆగి, "మా తాత ఈడ రాయి మోసిండు" అన్నాడు.

చర్చి కట్టిన సంగతి పుస్తకాలలో ఉన్నదే. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియను మిషనరీ 1895లో సికింద్రాబాదుకు వచ్చి, అక్కడినుంచి మెదకు చేరాడు. 1914లో పని మొదలైంది. ప్రపంచయుద్ధపు రోజులు, మెదకు ప్రాంతం కరువులో ఉన్నది. ఊరికే అన్నం పెట్టి జనాన్ని కూర్చోబెట్టడం ఆయనకు ఇష్టం లేదు. పని ఇచ్చి, పనికి తిండి ఇచ్చాడు. అలా పది సంవత్సరాలు సాగి, 1924 డిసెంబరు 25న చర్చి ప్రతిష్ఠ జరిగింది. 2024 క్రిస్మసుకు నూరేళ్లు నిండాయి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన తరువాత మెదకు అధ్యక్ష మండలానికి ఇదే కెథడ్రల్ అయింది.

పుస్తకాలలో ఉన్నది ఇంతవరకే. ముసలాయన చెప్పింది ఇది: "పొద్దంత మోస్తే, పొద్దుగూకంగ గింజలు కొలిచి పోసేటోళ్లంట. మా తాత ఎప్పుడూ అనేటోడు, ఈ గుడి లేకుంటె నేను లేను, నేను లేకుంటె మీ నాయిన లేడు, నువ్వు లేవు అని. ఏ స్తంభానికి రాయి మోసిండో ఆయనకే ఎరుక లేదు. నేనైతే ఎప్పుడొచ్చినా ఈ స్తంభం కాన్నే కూసుంట."

నేను ఆయన ప్రక్కన కూర్చున్నాను. ఎందుకంటే అప్పుడు నాకు మా జేజి జ్ఞాపకం వచ్చింది.

మా జేజిది కడప జిల్లా. 1952లో రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టినప్పుడు ఆమె చంకన బిడ్డతో వరుసలో నిలబడింది. అది ఎవరైనా ఎత్తితే మాట మార్చేది. వాళ్ల అవ్వ చెప్పగా విన్న డొక్కల కరువును గురించి మాత్రం ఎంతసేపయినా చెప్పేది. అది ధాత సంవత్సరంలో, 1876లో మొదలై 1878 దాకా సాగింది. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ నడుమ కర్నూలు జిల్లాలో జనం దాదాపు నాలుగోవంతు తగ్గిపోయారు. ఆ కరువులోనూ సర్కారు పని పెట్టింది: రోడ్లు, చెరువులు, కంకర కొట్టడం. సర్ రిచర్డ్ టెంపుల్ దొర వచ్చి, 1877లో మగవానికి రోజుకూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా అని తగ్గించాడు. పౌనంటే అర్ధకిలో కూడా కాదు. రోజంతా రాయి కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు ప్రభుత్వపు వైద్యాధికారి కార్నిష్ మొత్తుకొన్నాడు. అదే సంవత్సరం జనవరి 1న విక్టోరియా రాణి భారత చక్రవర్తిని అని ఢిల్లీలో మహాదర్బారు జరిగింది.

కరువుపని అంటే అన్నీ ఒకటి కావని నేను చెప్పదలచింది. గింజలు కొలిచే చేయి ఎవరిదో, ఎంత కొలిచిందో, ఆ పని ముగిసిన తరువాత కట్టింది ఎవరిదయిందో చూడాలి.

ఒక శంక

ఇక్కడ ఒక శంకను దాటిపోవడం న్యాయం కాదు. ఆకలిగొన్నవానికి తిండిపెట్టి మతం పుచ్చుకొమ్మనడం ఏమి ధర్మం అని మన ప్రాంతాలలో చాలామంది అడుగుతారు. అడగదగ్గ ప్రశ్నే. మిషనరీలు కూడా అది ఎరుగనివాళ్లు కారు. డొక్కల కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల పని కంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చి అడిగినా ఇవ్వలేదు. కూలికోసం వచ్చారనే మాట పడకూడదని కరువు పని ముగిసేదాకా ఆగాడు. తరువాత 1878 జులైలో ఒక్కరోజున 2,222 మందికి ఇచ్చాడు. ఆగినందుకు మెచ్చుకొనేవాళ్లున్నారు, ఆగినా ఆ గంజి ఋణం జనం మనసులో ఉండదా అనేవాళ్లున్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉన్నదని నాకు తోస్తుంది.

మా సీమలోనే ఇంకొక దాత ఉన్నాడు. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి. 1866 నాటి కరువులో తన గాదెలు తీసి, వచ్చినవాడిది ఏ కులమని అడగకుండా వేలమందికి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. ఆయన ఏ మహామందిరమూ కట్టించలేదు. ఆయన పేరు పాటలో నిలిచింది. సీమ పల్లెల్లో ఆ పాట తెలియని ముసలివాళ్లు తక్కువ. తిన్నవాళ్లు కట్టిన కట్టడం అది. ఒకచోట తిన్నవాళ్లు రాళ్లతో కట్టారు, ఒకచోట గొంతుతో కట్టారు.

మెదకు చర్చిని గురించి చెప్పేవాళ్లు తరచుగా వాటికన్ తరువాత ఇదే పెద్దదని గొప్పగా చెబుతారు. ఆ మాట లెక్కకు నిలవదు. ఇంతకంటె పెద్ద చర్చిలు లోకంలో ఎన్నో ఉన్నాయి. దీని గొప్పతనం కొలతల్లో వెదకనక్కరలేదు.

అలాగని ఇక్కడ అంతా సరిగా జరిగిందని కూడా నేననను. కట్టించినవాని పేరు అందరికీ తెలుసు, బొమ్మలు చేసినవాని పేరు తెలుసు, నేను కూడా ఇప్పుడే వ్రాశాను. పలకలు పరచిన ఇటలీవాని పేరు వ్రాయలేకపోయాను. ముసలాయన తాత పేరు అడగనే లేదు. కారెక్కిన తరువాత జ్ఞాపకం వచ్చి మేనల్లునితో అంటే, "నువ్వూ అంతే మామా" అన్నాడు. నేను సిగ్గుపడ్డాను.

తిరిగి గుమ్మజు దగ్గర

సంక్రాంతి సెలవులు ముగిసేసరికి కోసిగి పిల్లవాని చోటు ఖాళీగా ఉన్నది. వానితోపాటు ఇంకా నలుగురివి. రిజిస్టరులో వాని పేరు పిలవడం నేను మానలేదు. పిలిచినప్పుడల్లా క్లాసులో ఎవరో ఒకరు "సుగ్గికి పోయినాడు సార్" అనేవారు.

మార్చి చివర వచ్చాడు. నల్లబడ్డాడు. మిరపకాయలు కోసి కోసి వేళ్ల కొనలు పగిలి ఉన్నాయి. రాత్రిళ్లు మంటకు నిద్ర పట్టదనీ, ఆ చేతులతో కళ్లు తుడుచుకోకూడదని ముందు నేర్పుతారనీ చెప్పాడు. పరీక్ష ఫీజు కట్టడానికి కూలి డబ్బులతోనే వచ్చాడు. తప్పిపోయిన పాఠాలు సాయంత్రాలు మా ఇంటికి వచ్చి చదువుకొమ్మన్నాను. అలా చదివించిన మొదటి సాయంత్రం వానికి మెదకు సంగతి చెప్పాను. కోసుకమాను చెప్పాను, దండం పెట్టించాను. పగిలిన వేళ్లు కలపడానికి నొప్పిగా ఉన్నా కలిపాడు. సెయింట్ డెనిస్ రాజుల ఎముకల సంగతి చెబితే పెద్దగా పట్టించుకోలేదు. పేరు తెలియని సిపాయి సంగతికి కొంచెంసేపు ఊరుకొన్నాడు. చివరకు స్తంభం ప్రక్క కూర్చున్న ముసలాయన సంగతి చెప్పాను.

"నువ్వడిగినదానికి ఇది సరైన జవాబు కాదు నాయనా. అక్కడ కూడా మోసినవాళ్ల పేర్లు నాకు కనపడలేదు" అన్నాను.

వాడు పుస్తకం మూసి కొంచెం ఆలోచించాడు.

"ఆయప్ప తాత రాయి మోసినాడు. ఈయప్ప పోయి ఆ స్తంభం కాడ్నే కూర్చుంటాడు. ఎవరూ ఎందుకొచ్చినావని అడగరు. అంతే కదా సార్?"

"అంతే."

"అట్లయితే పేరు లేకపోయినా ఫర్వాలేదు సార్" అని, మళ్లీ పుస్తకం తెరిచాడు.